ముందు దస్తావేజు, తర్వాత సున్నం

పాత ఇల్లు కొనాలనుకునేవాళ్లు మామూలుగా రెండుసార్లు వస్తారు. మొదటిసారి కుటుంబమంతా వస్తుంది. సింహద్వారం తూర్పుకుందా ఉత్తరానికుందా, వంటగది ఏ మూలనుంది, బోరులో వేసవిలో కూడా నీళ్లుంటాయా, కారు లోపలికి పడుతుందా అని చూసుకుంటారు. రెండోసారి వచ్చినప్పుడు గోడల వంక పెద్దగా చూడరు. ‘కాగితాల జిరాక్సులు ఇప్పించండి, మా లాయరుగారికి చూపించుకుంటాం’ అంటారు. కుదిరిపోయిందనుకున్న బేరం వెనక్కి వెళ్లేది ఆ జిరాక్సులు ఇచ్చిన తర్వాతే. అయినా ఇల్లు అమ్మాలని నిర్ణయించుకోగానే మనలో చాలామంది మొదటి రాక కోసమే తయారవుతారు. సున్నం కొట్టిస్తారు, గేటుకు రంగు వేయిస్తారు, కుళాయిలు మారుస్తారు. బీరువా అడుగున ఉన్న దస్తావేజుల సంచీని మాత్రం బయానా చేతిలో పడ్డాకే తెరుస్తారు. ఈ వరుస తలకిందులుగా ఉంది. ఇల్లు అమ్మడానికి సిద్ధపడటమంటే ముందుగా దాని మీద మన హక్కును సిద్ధం చేసుకోవడం. ఆ తర్వాత కొలతలు, ఆపైన పన్ను లెక్క, ధర. రంగు అన్నిటికంటే చివర. వీలైతే ఈ పని అమ్మకానికి ఏడాది ముందే మొదలుకావాలి.

అమ్మేది ఏమిటి?

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం వంద రూపాయలు, అంతకంటే ఎక్కువ విలువ చేసే స్థిరాస్తి చేతులు మారాలంటే రిజిస్టరైన దస్తావేజు ఉండాల్సిందే. అగ్రిమెంటు రాసుకున్నంత మాత్రాన కొన్నవారికి ఇంటి మీద యాజమాన్యం రాదు. అదే చట్టం అమ్మేవారి బాధ్యతలనూ చెప్పింది. హక్కు పత్రాలన్నీ చూపించాలి. అడిగిన ప్రశ్నలకు తెలిసినంతవరకు జవాబు చెప్పాలి. అమ్మే రోజువరకు ఉన్న పన్నులు కట్టాలి. మామూలు జాగ్రత్తతో చూసినా కొనేవారికి కనబడని లోపం ఇంట్లోగానీ హక్కులోగానీ ఉంటే, అది తమకు తెలిసినప్పుడు దాచకుండా చెప్పాలి. అంటే ఇల్లు చూపించడం ఎంత బాధ్యతో కాగితం చూపించడమూ అంతే బాధ్యత. రిజిస్ట్రేషన్ అయిపోతే హక్కు వచ్చేసినట్టేనన్న నమ్మకం మనలో గట్టిగా ఉంది. నిజానికి సబ్‌రిజిస్ట్రార్ చూసేది పత్రం, స్టాంపు డ్యూటీ, సంతకాలు, సాక్షులు. అమ్ముతున్నవారికి నిజంగా హక్కుందా అని తేల్చడం ఆయన పని కాదని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో తమిళనాడు నుంచి వచ్చిన ఒక కేసులో మరోసారి స్పష్టం చేసింది. కొనేవారి లాయరు ఒక్క దస్తావేజుతో తృప్తిపడకుండా లింకు డాక్యుమెంట్ల వెంట వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్లడానికి కారణం ఇదే. మీకు అమ్మినవారికి ఎవరు అమ్మారు, వారికెలా వచ్చింది అని అడుగుతూ ఆయన మూడు దశాబ్దాలు వెనక్కి నడుస్తాడు. ఆ దారిలో ఒక్క మెట్టు లేకపోయినా అక్కడే ఆగిపోతాడు.

‘ఈసీ తీశాం, శుభ్రంగా ఉంది’ అని నిశ్చింతగా ఉండేవాళ్లున్నారు. ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, చాలా విలువైన పత్రమే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1983 నుంచి జరిగిన లావాదేవీలను ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. కానీ అది చెప్పేది రిజిస్టరైన సంగతులు మాత్రమే. రిజిస్టరు కాని వీలునామా, నోటిమాటతో జరిగిన పంపకం, కోర్టులో నడుస్తున్న దావా, బాకీపడ్డ ఇంటి పన్ను అందులో సాధారణంగా కనబడవు. కాబట్టి ఈసీని మొదటి మెట్టుగానే చూడాలి. అమ్మదలచుకున్నవారు తామే ఒక లాయరుకు ఫీజిచ్చి, ఎదుటివారి లాయరులా తమ కాగితాలను తప్పులెన్నుతూ చూడమని అడగాలి. ‘అది కొనేవాడి తలనొప్పి, మనకెందుకీ ఖర్చు?’ అని ఎవరైనా అడగవచ్చు. జవాబు బేరం నడిచే తీరులోనే ఉంది. లోపాన్ని అమ్మేవారు ముందే కనిపెడితే ఖర్చయ్యేది దాన్ని సరిచేసేంత మాత్రమే. అదే లోపాన్ని కొనేవారు కనిపెడితే ధర తగ్గేది వాళ్ల భయాన్ని బట్టి. రెండు వేలతో పోయే పేరు తప్పు అప్పుడు రెండు లక్షల బేరమాడే ఆయుధమవుతుంది. అప్పటికే బయానా పుచ్చుకుని, ఆ డబ్బు ఎక్కడో ఖర్చుపెట్టి ఉంటే, తలవంచడం తప్ప దారి ఉండదు.

సంతకాల లెక్క

మన కుటుంబాల్లో అమ్మకాలు ఎక్కువగా ముడిపడేది సంతకాల దగ్గర. తండ్రి తన సంపాదనతో ఇల్లు కట్టాడు, వీలునామా రాయకుండా కన్నుమూశాడు అనుకుందాం. తల్లి, పిల్లలు కలిసి అమ్మితే సరిపోతుందని అందరూ అనుకుంటారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు చనిపోయిన వ్యక్తి తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. అంటే ఇంట్లో ఓ మూల మంచం మీద ఉన్న నాయనమ్మకూ సమానమైన వాటా ఉంది. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఉంటే నలుగురికీ తలా నాలుగో వంతు. ఆ నాయనమ్మ కూడా వీలునామా లేకుండా పోతే ఆమె నాలుగో వంతు ఆమె సంతానానికి చేరుతుంది. అప్పుడు ఆ ఇంటి కాగితంలోకి బాబాయిలు, మేనత్తలు కూడా వస్తారు. వాళ్లెవరూ ఆస్తి అడగకపోవచ్చు. కానీ కొనేవారి లాయరుకు కావాల్సింది వాళ్ల మంచితనం కాదు, వాళ్ల సంతకం. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఎవరి పేర్లున్నాయో, ఎవరివి లేవో ఏడాది ముందే చూసుకుంటే, హక్కు విడుదల పత్రమో పంపకాల దస్తావేజో తీరుబడిగా రాయించుకోవచ్చు.

ఆడపిల్లల వాటా గురించి ఇంకా పాత మాటలే వినబడుతున్నాయి. ‘పెళ్లప్పుడు కట్నకానుకలిచ్చాం, ఇంకా వాటా ఏమిటి?’ అనే మాట మర్యాదగల ఇళ్లలో కూడా ఉంది. పిత్రార్జితంలో కూతురికి హక్కివ్వడంలో దేశానికి దారి చూపిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముందువరుసలో నిలిచింది. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అయితే అప్పటికే పెళ్లయినవారికి అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణ ఆ తేడాను తీసేసింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉన్నా లేకున్నా కూతురికి పుట్టుకతోనే హక్కు ఉంటుందని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే పద్ధతిగా జరిగిపోయిన పంపకాలను, అమ్మకాలను మాత్రం ఈ సవరణ కదిలించదు. అక్కచెల్లెళ్లతో సంతకం పెట్టించుకోవడాన్ని చాలామంది బేరం కుదిరాక తీర్చుకోవాల్సిన తంతుగా చూస్తారు. చివరి నిమిషంలో ‘ఇక్కడ సంతకం పెట్టమ్మా’ అని కాగితం ముందు పెడితే ఏ ఆడపడుచుకైనా మనసు నొచ్చుకుంటుంది. ధర అనుకునే రోజే పిలిచి, కూర్చోబెట్టి, వాటా మాట్లాడితే ఆమె హక్కూ నిలుస్తుంది, పుట్టింటి వాకిలీ నిలుస్తుంది. న్యాయమైనదే ఇక్కడ లాభదాయకం కూడా.

పిల్లల్లో ఎవరైనా మైనరైతే మరో జాగ్రత్త అవసరం. మైనరు పేరున ఉన్న స్థిరాస్తిని తండ్రిగానీ తల్లిగానీ కోర్టు అనుమతి లేకుండా అమ్మితే, పెద్దయ్యాక ఆ అమ్మకాన్ని కాదనే హక్కు ఆ పిల్లవాడికి ఉంటుంది. తెలిసిన కొనుగోలుదారు ఎవరూ ఆ ప్రమాదాన్ని నెత్తికెత్తుకోరు. కోర్టు అనుమతి వారంలో చేతికొచ్చే కాగితం కాదు. ఏడాది గడువు కావాలని చెప్పడానికి ఇదొక్కటే చాలు.

కాగితానికీ నేలకూ పొత్తు

హక్కు తేలాక చూసుకోవాల్సింది కాగితం మీద ఉన్న ఇల్లూ నేల మీద ఉన్న ఇల్లూ ఒకటేనా అన్నది. దస్తావేజులో 200 గజాలుంటుంది, టేపు పెట్టి కొలిస్తే అంత రాదు. ఎప్పుడో రోడ్డు వెడల్పులో కొంత పోయి ఉంటుంది, లేదా పక్కింటి ప్రహరీ కొంచెం ఇటు జరిగి ఉంటుంది. చెక్కుబందీలో తూర్పు హద్దుగా ఫలానావారి ఖాళీ స్థలం అని ఉంటుంది, ఇప్పుడక్కడ నాలుగంతస్తుల భవనం నిలబడి ఉంటుంది. పాత డోరు నంబరు పోయి కొత్తది వచ్చి ఉంటుంది. దస్తావేజులో ఇంటి పేరు ఒకలా, ఆధార్‌లో మరోలా ఉంటుంది. పొరపాటు చిన్నదే అయినా దాన్ని దిద్దే సవరణ దస్తావేజు మీద అప్పట్లో మనకు అమ్మినవారో, వారి వారసులో సంతకం చేయాల్సి ఉంటుంది. ఇరవై ఏళ్ల కిందట అమ్మినాయన ఇప్పుడే ఊళ్లో ఉన్నాడో, అసలు ఉన్నాడో లేడో వెతకడానికే నెలలు పడుతుంది. అలాగే మునిసిపల్ రికార్డులో మ్యుటేషన్ జరిగి పన్ను మీ పేరునే వస్తోందా, కరెంటు మీటరు, నల్లా కనెక్షన్ ఎవరి పేరునున్నాయి అన్నవీ చూసుకోవాలి. ఇవి యాజమాన్యాన్ని నిరూపించే పత్రాలు కావు. కానీ వీటిలో వేరే పేరు కనబడితే కొనేవారి మనసులో అనుమానం మొలుస్తుంది.

అప్పు తీర్చేసిన ఇళ్లలోనూ ఓ చిక్కు మిగిలే ఉంటుంది. వాయిదాలన్నీ కట్టేశాం, బ్యాంకు పత్రం ఇచ్చింది, అయిపోయిందనుకుంటాం. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరైన తనఖా రద్దు కాలేదు గనుక ఈసీలో అది అలాగే నిలిచి ఉంటుంది. బ్యాంకు చేత విడుదల పత్రం రిజిస్టరు చేయించాకే ఇల్లు నిజంగా స్వేచ్ఛగా ఉన్నట్టు. అసలు దస్తావేజులను అప్పు తీరిన 30 రోజుల్లో తిరిగివ్వాలని, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఆదేశించింది. ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి అది అమల్లో ఉంది. ఇంకా అప్పు ఉన్న ఇంటినీ అమ్మవచ్చు. కొనేవారి డబ్బుతో, లేదా వారి బ్యాంకు ఇచ్చే చెక్కుతో నేరుగా మన అప్పు తీర్చే పద్ధతి ఉంది. అయితే ఎంత బాకీ ఉందో తెలిపే పత్రాన్ని ముందే తెచ్చి, ఆ సంగతి మొదటి రోజే చెప్పాలి.

కొన్ని లోపాలు స్థలంతోనే పుట్టి ఉంటాయి. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూముల బదిలీని 1977 నాటి చట్టం నిషేధించింది. అలాంటి భూమి మీద ఇల్లు కట్టుకుని తరాలు గడిచినా, రిజిస్ట్రేషన్ శాఖ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉంటే పత్రం ముందుకు కదలదు. ప్రభుత్వం తర్వాత ఏవైనా సడలింపులిస్తే అవి మనకు వర్తిస్తాయో లేదో ముందే తేల్చుకోవాలి. గ్రామకంఠంలోని ఇళ్లకు తాతల నాటి అనుభవమే తప్ప దస్తావేజు ఉండకపోవచ్చు. ఇలాంటి ఇళ్లకు యాజమాన్య పత్రం ఇవ్వడానికే కేంద్రం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకం మొదలుపెట్టింది. పట్టణాల్లో ప్రశ్నలు వేరు. ప్లాను ప్రకారం రెండంతస్తులకు అనుమతి ఉంటే మూడోది ఎలా లేచింది? ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉందా? భవనానికి ఈ సర్టిఫికెట్ ఉందో లేదో సరిచూశాకే బ్యాంకులు దాని మీద రుణమివ్వాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న ఒక తీర్పులో చెప్పింది. కాబట్టి ఈ కాగితం లేని ఇంటికి బ్యాంకు రుణం మీద ఆధారపడే కొనుగోలుదారులు తగ్గిపోయే ప్రమాదం ఉంది. హైదరాబాదులో చెరువుల ఆక్రమణలను తొలగించే హైడ్రా 2024 జూలైలో ఏర్పడిన తర్వాత చెరువుల పక్కన ఇల్లు చూసేవారు ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ (చెరువు నిండినప్పటి నీటి హద్దు, దాని చుట్టూ కట్టడాలు కూడని వలయం) అన్న మాటలు లేకుండా సంభాషణ మొదలుపెట్టడం లేదు. దానికి జవాబు అమ్మేవారి చేతిలో మ్యాపు రూపంలో ఉండాలి.

‘ఇన్ని లోపాలు మనమే బయటపెట్టుకుంటే ఎవరు కొంటారు, ధర పడిపోదా?’ అన్నది న్యాయమైన భయమే. ఒప్పుకోవాల్సిందే, సరిచేయలేని లోపం ధర తగ్గిస్తుంది. మూడో అంతస్తుకు అనుమతి లేని ఇల్లు అనుమతి ఉన్న ఇంటి ధరకు పోదు. అయితే అది దాచినా పోదు. కొనేవారి లాయరో, వారి బ్యాంకు ఇంజనీరో దాన్ని పట్టుకుంటాడు. పట్టుకోలేదనుకుందాం, అమ్మకం తర్వాత బయటపడితే నోటీసు వచ్చేది మన చిరునామాకే. అప్పటికి ఇల్లు మనది కాదు, డబ్బు కూతురి పెళ్లికో కొడుకు చదువుకో ఖర్చయిపోయి ఉంటుంది. కోర్టు వాయిదాలు మాత్రం మనవి. ముందే చెప్పిన లోపం ధరలో కలిసిపోతుంది, ఆ తర్వాత దాని గురించి ఎవరూ మాట్లాడరు. దాచిన లోపం ఏళ్ల తరబడి మన వెంటే తిరుగుతుంది.

సున్నం విలువ ఎంత?

ఇంటిని బాగుచేయించవద్దని నేను చెప్పడం లేదు. ఎక్కడ ఖర్చు పెట్టాలో ఇంటి స్వభావాన్ని బట్టి ఉంటుంది. విడి ఇంట్లో కాలం గడిచేకొద్దీ నేల విలువ పెరుగుతుంది, కట్టడం విలువ తరుగుతుంది. విజయవాడ, విశాఖ, హైదరాబాదుల్లో నడిబొడ్డునున్న ముప్ఫై నలభై ఏళ్ల నాటి ఇంటిని చాలామంది కొనేది గజం లెక్కన. పడగొట్టి కొత్తది కట్టుకోవాలనే వారికి మనం కొత్తగా వేయించిన ఫాల్స్ సీలింగుతో ఏం పని? ఆ ఇంట్లో కొత్త టైల్స్‌కు పోసే లక్షలు తిరిగిరావు. అపార్ట్‌మెంటు ఫ్లాటు విషయం కొంత వేరు. దాన్ని కొనేవారు అందులోనే ఉంటారు గనుక లోపలి పరిస్థితికి విలువ ఉంటుంది. అక్కడ కూడా పాత ఫ్లాటులో ఎస్‌ఎఫ్‌టీతో సమానంగా నేలలో విడదీయని వాటా ఎన్ని గజాలో అడుగుతున్నారు. ఏ ఇంటికైనా నాలుగు పనులు మాత్రం చేయించడం మంచిది. కారుతున్న శ్లాబును బాగుచేయించడం, బాత్‌రూమ్ గోడ చెమ్మను మూలం నుంచి ఆపడం, ప్రమాదకరంగా ఉన్న కరెంటు వైరింగు మార్చడం, అక్కర్లేని సామాను తీసేసి గదులకు వెలుతురు రానివ్వడం. చెమ్మ మీద రంగు పూసి దాచడం మాత్రం తప్పు. తొలకరి వానకే అది మళ్లీ పైకి తేలుతుంది, చట్టం చెప్పమన్న లోపాన్ని కావాలని కప్పిపెట్టినట్టవుతుంది.

పన్ను ఆలోచన బేరానికి ముందే

ధర చెప్పేముందు చేతికి మిగిలేదెంతో తెలియాలి. రెండేళ్లకు మించి మన దగ్గరున్న ఇంటి మీద లాభాన్ని దీర్ఘకాల మూలధన లాభంగా లెక్కిస్తారు. 2024 జూలై 23 నుంచి దాని మీద పన్ను 12.5 శాతం, ద్రవ్యోల్బణ సవరణ ఉండదు. అయితే ఆ తేదీకి ముందే కొన్న ఇంటిని అమ్మే మన దేశ నివాసులకు పాత పద్ధతిలో, అంటే ద్రవ్యోల్బణ సూచీ కలుపుకొని 20 శాతంతో లెక్కించుకునే వీలుంది. ఏది తక్కువైతే అదే కట్టవచ్చు. 2010-11లో 20 లక్షలకు కొన్న ఇంటిని 2025-26లో 80 లక్షలకు అమ్మారనుకుందాం. కొత్త పద్ధతిలో లాభం 60 లక్షలు, పన్ను 7.5 లక్షలు. సూచీ 167 నుంచి 376కు పెరిగింది గనుక పాత పద్ధతిలో కొన్న ధర దాదాపు 45 లక్షలవుతుంది. లాభం 35 లక్షలకు దగ్గర, పన్ను సుమారు 7 లక్షలు. సెస్సు రెండింటికీ వేరు. 2001 ఏప్రిల్ 1కి ముందు వచ్చిన ఇంటికి ఆనాటి మార్కెట్ విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు, కానీ అది అప్పటి ప్రభుత్వ విలువను మించకూడదు. తర్వాత కట్టిన పై అంతస్తు ఖర్చునూ కలుపుకోవచ్చు, దానికి బిల్లులుండాలి. పాత రసీదు కట్ట వెతకడం కూడా అమ్మకానికి సిద్ధపడటంలో భాగమే. లాభంతో మరో ఇల్లు కొనేవారికి అమ్మకానికి ముందు ఏడాది, తర్వాత రెండేళ్లు గడువుంది. కట్టుకునేవారికి మూడేళ్లు. 50 లక్షల వరకు ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ వంటి సంస్థల నిర్ణీత బాండ్లలో ఆరు నెలల్లోపు పెట్టినా మినహాయింపు దొరుకుతుంది, ఆ డబ్బు ఐదేళ్లు కదలదు. ఈ గడువులన్నీ అమ్మిన తేదీతో ముడిపడినవి. అమ్మాక ఆడిటరు దగ్గరికి వెళ్తే కొన్ని తలుపులు అప్పటికే మూసుకుపోయి ఉంటాయి.

ఇక్కడే మనందరం తలెత్తి మాట్లాడాల్సిన విషయం ఒకటుంది. ‘ప్రభుత్వ విలువకే రిజిస్ట్రేషన్ చేయించండి, మిగతాది క్యాష్ ఇస్తాం’ అన్న మాట మన ఇళ్ల బేరాల్లో మామూలైపోయింది. రెండు రాష్ట్రాల్లోనూ స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం వరకు వస్తుంది. 80 లక్షల మీద అది 6 లక్షలు. కొనేవారి ఆరాటం ఎందుకో అర్థం చేసుకోవచ్చు. ‘లోకమంతా ఇలాగే నడుస్తోంది, మనం ఒక్కరం తెల్లగా అమ్ముతామంటే కొనేవాడే దొరకడు’ అని అనుభవజ్ఞులు అంటారు. ఆ మాటలో కొంత నిజముంది, తెల్లడబ్బుతోనే అమ్ముతామంటే కొంతమంది వెనక్కి పోతారు. అయినా ప్రమాదం ఎవరి మీద ఎక్కువో చూడాలి. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, అంతకుమించి నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. అతిక్రమిస్తే తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. ఆ జరిమానా పుచ్చుకున్నవారి మీద, అంటే అమ్మినవారి మీద. స్థిరాస్తి వివాదాల్లో 2 లక్షలు, ఆపైన నగదు ఇచ్చినట్టు ఎవరైనా కోర్టులో చెబితే ఆ సంగతి ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. పైగా క్యాష్‌గా వచ్చిన డబ్బుతో మరో ఇల్లు కొని మినహాయింపు అడగలేం, బ్యాంకులో వేయలేం, పిల్లల విదేశీ చదువుకు పంపలేం. బ్యాంకు రుణంతో కొనే ఉద్యోగులు నిజమైన ధరకే రిజిస్టరు చేయించుకోవాలనుకుంటారు, ధర ఎక్కువ రాస్తే రుణమూ ఎక్కువ వస్తుంది కాబట్టి. తెల్లగా అమ్మాలనుకునేవారు వెతకాల్సింది ఆ కొనుగోలుదారులనే.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న తెలుగువారికి పన్ను లెక్క ఇంకా ముందే మొదలుకావాలి. మన దేశ నివాసి దగ్గర కొనేవారు, ధర 50 లక్షలు, అంతకుమించి ఉంటే, ఒక శాతం పన్ను పట్టుకుంటారు. ప్రవాస భారతీయుడి దగ్గర కొంటే పన్ను పట్టుకునేది లాభం మీద కాకుండా మొత్తం ధర మీద. 12.5 శాతం, దానిపైన సర్‌చార్జీ, సెస్సు. లాభం కొంచెమే అయితే తక్కువ పట్టుకునేలా పన్ను అధికారి నుంచి ముందుగా ధ్రువపత్రం తెచ్చుకోవాలి, దానికి వారాలు పట్టవచ్చు. పవర్ ఆఫ్ అటార్నీ అయితే అక్కడి నోటరీ లేదా భారత కాన్సులేట్ ధ్రువీకరణతో రాయాలి. ఇక్కడికి చేరాక మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. పవర్ ఇచ్చిన తండ్రి చనిపోతే సాధారణంగా ఆ పవర్ అక్కడితో ముగిసిపోతుంది. ఇక జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) పట్టుకుని ‘అమ్మేశాం’ అనుకోవడం కూడా కుదరదు. జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా కలిపి చేసే అమ్మకం హక్కు బదిలీ కాదని 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఎన్నారై బిడ్డలు సెలవు మీద పది రోజులొచ్చి ఆ పది రోజుల్లో ఇల్లు అమ్మేసి వెళ్లిపోదామనుకోవడం ఆస్తిని తక్కువకు అమ్మే సులువైన మార్గం.

‘మాకు అంత తీరిక లేదు’

ఏడాది ముందు మొదలుపెట్టండి అంటే అందరికీ కుదరదు. ఆసుపత్రి ఖర్చు ముంచుకొస్తుంది, వ్యాపారం దెబ్బతింటుంది, అప్పులవాడు వాకిట్లో కూర్చుంటాడు. అలాంటి ఇంటికి ఈ సలహా చేదుగా వినిపించవచ్చు. నిజంగా తొందర ఉన్నవారు కూడా ఒక వారం మాత్రం తమ కోసం ఉంచుకోవాలి. ఆ వారంలో ఈసీ తీయాలి, లింకు డాక్యుమెంట్లన్నీ వరుసలో పెట్టాలి, వారసుల పేర్లు రాసుకోవాలి, పన్ను, కరెంటు బాకీలు చూసుకోవాలి, ఒక లాయరుకు చూపించాలి. దొరికిన లోపాలను సరిచేసే సమయం లేకపోతే కనీసం వాటిని ముందే చెప్పి ధర మాట్లాడవచ్చు. బలవంతాన తగ్గడానికి, తెలిసి తగ్గడానికి తేడా ఉంది. తొందర లేనివారు మాత్రం ఆ అదృష్టాన్ని వృథా చేసుకోకూడదు. మన దగ్గర ఆషాఢంలో, మూఢంలో రిజిస్ట్రేషన్లు వద్దనుకునేవారు చాలామంది. పిల్లల బడి మార్చే కుటుంబాలు వేసవిలో ఇల్లు వెతుకుతాయి. శ్రావణంలో అమ్మాలనుకుంటే కాగితాలు అంతకుముందు ఏడాది శ్రావణంలో తీస్తే సరిపోతుంది. ఇంట్లో అద్దెకున్నవారికి కూడా అంత వ్యవధి ఉండటం న్యాయం. వాళ్లకూ పిల్లల బడి ఉంటుంది, వాళ్లకూ సామానుంటుంది.

అగ్రిమెంటు దగ్గర తొందరపడితే ముందు చేసిన పనంతా నీరుగారిపోతుంది. ధర, బయానా, మిగతా సొమ్ము ఏ తేదీకి ఎలా ఇవ్వాలి, బ్యాంకు రుణం రాకపోతే ఏమిటి, గడువు దాటితే బయానా సంగతేమిటి, ఇల్లు ఎప్పుడు ఖాళీచేయాలి అన్నవన్నీ అందులో ఉండాలి. మధ్యవర్తి కమీషన్ ఎంతో, ఎప్పుడివ్వాలో కూడా మొదటే తేల్చుకోవాలి. అగ్రిమెంటు రాసుకున్నాక ఎవరో ఎక్కువిస్తామన్నారని వెనక్కి తగ్గడం ఇప్పుడు అంత తేలిక కాదు. 2018 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో, ఒప్పందాన్ని నెరవేర్చమని కోర్టు ఆదేశించడం మామూలు నియమంగా మారింది. దావా వేయడానికి కొనేవారికి మూడేళ్ల గడువుంటుంది. అన్నాళ్లూ ఇల్లు మన చేతిలో ఉండీ లేనట్టే. అందువల్ల అమ్మాలా వద్దా అన్న సందేహం కుటుంబంలో ఏ ఒక్కరికి మిగిలి ఉన్నా దాన్ని సంతకానికి ముందే తీర్చుకోవాలి.

ఇంత శ్రమ ఎవరి కోసం అనిపించవచ్చు. డబ్బు చేతికొచ్చాక ఆ ఇల్లు మనది కాదు, ఆ గోడలు ఎవరివో. కానీ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో మనం వేలిముద్ర వేసిన ఆ దస్తావేజు అక్కడితో ఆగిపోదు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఇంటివారు అమ్మాలనుకున్న రోజు, అది వాళ్ల సంచీలో లింకు డాక్యుమెంటుగా బయటికొస్తుంది. ఎవరో ఒక లాయరు కళ్లజోడు సవరించుకుని మన సంతకం దగ్గర ఆగుతాడు. అక్కడ ఒక అక్క పేరు లేకపోతే, ఒక హద్దు తప్పుంటే, ఒక తనఖా రద్దు కాకుండా ఉంటే, మనకు తెలియని ఒక కుటుంబం మన తప్పు వెతుక్కుంటూ మన పిల్లల గుమ్మం ముందు నిలబడుతుంది. అన్నీ సరిగ్గా ఉంటే ఆయన ఏమీ అనకుండా పేజీ తిప్పేస్తాడు.